బోడిగుండుకూ మోకాలికీ: ఓఆర్ఆర్ ఫార్వర్డ్‌కు నా జవాబు

రెండు వారాలుగా మా ఫ్యామిలీ గ్రూపులో, కాలేజీ మిత్రుల గ్రూపులో, ఆఖరికి అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ గోల కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. సారాంశం ఇది: "అమరావతి ఔటర్ రింగ్ రోడ్డు రాగానే బెజవాడ, గుంటూరు ట్రాఫిక్ కష్టాలు శాశ్వతంగా తీరిపోతాయి. బెంజ్ సర్కిల్ జామ్‌కి కారణం లారీలే. హైదరాబాద్‌ను హైదరాబాద్ చేసింది ఓఆర్ఆర్. భూములిచ్చే రైతులు కోటీశ్వరులవుతారు. ఇంకా ప్రశ్నలు వేసేవాళ్లు అభివృద్ధి నిరోధకులు." కింద రెండు దణ్ణం బొమ్మలు, పది మందికి పంపమని ఒక ముక్క.

అలా పంపినవాళ్లలో మా బావ కూడా ఉన్నాడు. "నువ్వు రోజూ గుంటూరు నుంచి బెజవాడ తిరుగుతావు కదా, అందరికంటే నీకే లాభం, ఏమంటావు?" అన్నాడు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నేను ఓఆర్ఆర్ వద్దనేవాణ్ని కాదు. సుమారు 190 కిలోమీటర్లు, ఆరు లేన్లు, గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాల మీదుగా వెళ్లే రోడ్డు అది. దాని పని దానికుంది. ఈ మెసేజ్ అప్పజెప్పిన పని మాత్రం దానిది కాదు.

మొదటి మాట, బెంజ్ సర్కిల్ జామ్ లారీల వల్లే అని. పదేళ్ల కిందట ఎవరైనా ఇలా అంటే నేనూ తలూపేవాణ్ని. చెన్నై–కోల్‌కతా హైవే ఎన్‌హెచ్-16, హైదరాబాద్ నుంచి బందరు పోయే ఎన్‌హెచ్-65 అక్కడే ఒకదాన్నొకటి దాటతాయి. కానీ 2020లో ఎన్‌హెచ్-16 మీద ఫ్లైఓవర్ తెరిచారు. 2022లో దాని పక్కనే రెండోది. అంటే ఆ హైవే మీద ఊరు దాటిపోయే బండికి బెంజ్ సర్కిల్‌లో దిగాల్సిన అవసరమే లేదు. మరి కింద రద్దీ ఎవరిది?

పోయిన వారం సాయంత్రం ఆరు దాటాక ఫ్లైఓవర్ దగ్గర టీ కొట్టు ముందు ఒక టీ తాగినంతసేపు నిలబడ్డాను. పైన లారీలు ఆగకుండా దొర్లిపోతున్నాయి. కింద సిగ్నల్ పడేసరికి ముందు వరసంతా టూవీలర్లే. వాటి సందుల్లో ముందు చక్రం దూర్చిన షేర్ ఆటోలు. కుడికి తిరగాల్సిన కారొకటి ఎడమ పక్కన ఇరుక్కుని ఇండికేటర్ కొట్టుకుంటోంది, దాని వెనక సిటీ బస్సు, బస్సు వెనక ఎన్నున్నాయో కనపడలేదు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక బండి ఏ జిల్లాదో తెలియదు గానీ, పాత నంబర్లు చూస్తే వరసగా కృష్ణా జిల్లా ఏపీ 16లు, అక్కడక్కడా మా గుంటూరు ఏపీ 07లు. నా ఎదురుగా స్కూటీ మీద ఒకావిడ, ముందు నిలబడ్డ పిల్లాడు, వెనక స్కూల్ బ్యాగుతో పాప, హ్యాండిల్‌కి కూరగాయల సంచి. ఆవిడ ఓఆర్ఆర్ ఎక్కుతుందా?

చిన్న లెక్క. చుట్టుకొలత 190 కిలోమీటర్లయితే వ్యాసార్థం 30 కిలోమీటర్లు. రోడ్డు దిక్సూచితో గీసినట్టు గుండ్రంగా ఉండదు, నిజమే. తూర్పున కాస్త దగ్గరకొస్తుంది, పడమర కంచికచర్ల వైపు బాగా దూరం పోతుంది. ఎలా చూసినా భవానీపురం నుంచి పటమట వెళ్లేవాడికి పది కిలోమీటర్ల పని కోసం అంతకు ఎన్నోరెట్లు తిరగడం అవుతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

ఊరు దాటిపోయే లారీల సంగతంటారా, దానికి వేరే జవాబు ముందే ఉంది. చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా, కృష్ణ మీద కొత్త వంతెన దాటి కాజ దగ్గర హైవేలో కలిసే వెస్ట్ బైపాస్. ఆరు లేన్లు, 48 కిలోమీటర్ల లోపు. విశాఖ నుంచి చెన్నై పోయే లారీ అయినా, హైదరాబాద్ నుంచి చెన్నై పోయే లారీ అయినా బెజవాడలోకి రాకుండా చూసేది అదే. ఆ బైపాస్ చేసే పనిని కూడా మెసేజ్ రాసినాయన ఓఆర్ఆర్ ఖాతాలో జమ చేసేశాడు.

దసరా రోజుల్ని రుజువుగా చూపించొచ్చు కదా అని నాకూ అనిపించింది. ఏటా ఆ పది రోజులూ చెన్నై–విశాఖ లారీల్ని ఒంగోలు దగ్గరే చీరాల, బాపట్ల, రేపల్లె, అవనిగడ్డ వైపు మళ్లిస్తారు. విశాఖ–హైదరాబాద్ బండ్లను హనుమాన్ జంక్షన్ దగ్గర నూజివీడు, మైలవరం వైపు. లారీలు లేకపోయినా ఊరు కిటకిటలాడుతూనే ఉంటుంది. కానీ అప్పుడు అమ్మవారి భక్తులు లక్షల్లో వస్తారు కాబట్టి అది సరైన పోలిక కాదు. వదిలేస్తున్నా.

సరైన పోలిక గుంటూరే. ఈ మెసేజ్‌లో గుంటూరు పేరు చూసి నిజంగా నవ్వొచ్చింది. గుంటూరుకి బైపాస్ ఎప్పుడో వచ్చేసింది. ఎన్‌హెచ్-16 ఊళ్లోకి రాదు, బుడంపాడు, ఏటుకూరు వైపు నుంచి పక్కగా పోతుంది. మరి బ్రాడీపేట నుంచి పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి పోవడానికి అంత టెన్షన్ ఎందుకు? ఊరిని రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి కాబట్టి. దాటాలంటే 2025 దాకా శంకర్‌విలాస్ బ్రిడ్జి ఉండేది, అది కాక 'మూడు వంతెనలు' అని పిలిచే దారి, లేకపోతే కంకరగుంట. పట్టాలకు అటువైపు బడి, ఇటువైపు ఇల్లు ఉన్నవాడికి ఊరి బయట ఎన్ని లేన్లు వేసినా ఒరిగేదేమీ లేదు. మిర్చి యార్డు సీజన్లో లారీలకు మాత్రం ఓఆర్ఆర్ ఉపయోగపడుతుంది, ఒప్పుకుంటా.

'శాశ్వతంగా' అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. అమెరికా మహానగరాల లెక్కలు తీసి డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో తేల్చిందేమిటంటే, రోడ్డు ఎంత శాతం పెరిగితే బండ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతుందని. మనకు అంతదూరం పోనక్కర్లేదు. రోడ్డు పక్కన వెంచర్ బోర్డు పడుతుంది, ప్లాట్లు అమ్ముడవుతాయి, అక్కడ ఇల్లు కట్టుకున్నవాడు ఉద్యోగానికి మళ్లీ బెజవాడే రావాలి. వచ్చి ఎక్కడ ఆగుతాడు? ఆ స్కూటీ వెనకే.

ఇక హైదరాబాద్. సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఓఆర్ఆర్‌లో మొదటి ముక్క గచ్చిబౌలి–శంషాబాద్ తెరిచింది 2008లో. 158 కిలోమీటర్ల రింగు మూసుకునేసరికి 2018 వచ్చింది. ఉద్యోగాలు ముందు, రోడ్డు తర్వాత. ఆ రోడ్డు హైదరాబాద్‌కి మేలు చెయ్యలేదని కాదు, శంషాబాద్ పోవాలంటే ఇప్పుడు చాలామందికి అదే దారి. కానీ సాయంత్రం అమీర్‌పేటలోనో గచ్చిబౌలిలోనో ఇరుక్కున్న మావాళ్లకు ఫోన్ చేసి ఓఆర్ఆర్ వచ్చాక ఎలా ఉందని అడగండి. పైగా ఇప్పుడు అక్కడ దాని బయట ఇంకో రీజినల్ రింగు వేసే ప్రయత్నంలో ఉన్నారు.

రైతులు కోటీశ్వరులవుతారన్న ముక్క దగ్గర నాకు నవ్వు రాలేదు. 140 మీటర్ల వెడల్పున 190 కిలోమీటర్లంటే, ఇంటర్‌చేంజ్‌లు కలపకుండానే దాదాపు 6,600 ఎకరాలు. ఇదే ప్రాంతంలో రాజధానికి ఇంతకుముందే పూలింగ్‌లో ముప్పై వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. భూసేకరణ చట్టంలో పరిహారం లెక్క మార్కెట్ విలువ మీద, దానికి సమానంగా సొలేషియం, అంటే ఊరట కింద ఇచ్చే అదనపు సొమ్ము. వినడానికి బాగుంది. ఆ మార్కెట్ విలువను చూసేది రిజిస్ట్రేషన్ విలువలు, చుట్టుపక్కల సేల్ డీడ్ల నుంచి. మనవాళ్లు డీడ్‌లో ఎంత రాయిస్తారో, చేతికి ఎంత తీసుకుంటారో తెలియనివాళ్లు మన జిల్లాల్లో ఎవరున్నారు? అప్పుడు స్టాంప్ డ్యూటీ మిగిలిందని సంతోషపడ్డ ఊళ్లకు ఇప్పుడు ఆ కాగితమే ఎదురుతిరుగుతుంది.

అదీ పట్టా ఉన్నవాడి సంగతి. డెల్టాలో వరి, పసుపు, అరటి వేసేవాళ్లలో చాలామంది కౌలుకి చేసేవాళ్లు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలు రైతు కూడా బాధితుడే. కానీ మూడేళ్లుగా చేస్తున్నాడని చూపించాలి. నోటి మాట మీద నడిచే కౌలుకి కాగితం ఎక్కడిది? యజమాని రాసివ్వడు, రాసిస్తే తన హక్కుకి ఇబ్బంది అని భయం. కోటీశ్వరుల లిస్టులో ఈ మనిషి ఏ పేజీలో ఉన్నాడు?

ఇంకో చిన్న సంగతి, నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. డెల్టా డ్రెయిన్లన్నీ సముద్రం వైపు పోతాయి, వాటికి అడ్డంగా కట్టలాంటి ఎత్తైన రోడ్డు వస్తుంది. కల్వర్టులు ఎక్కడ, ఎంత వెడల్పున పెడతారన్నది ఏ మామూలు ఇంజనీరైనా అడిగే ప్రశ్న. అదీ నిరోధకమేనా?

బావ అడిగాడు కాబట్టి నా సంగతి కూడా. గుంటూరు బస్టాండ్‌లో ఎక్కితే కాజ టోల్, మంగళగిరి, తాడేపల్లి దాటి కృష్ణ మీది వంతెన వారధి దాకా బస్సు హాయిగానే వస్తుంది. వారధి దిగి షేర్ ఆటో పట్టుకుని బెంజ్ సర్కిల్ దాటేసరికి ప్రాణం విసుగెత్తుతుంది. నాకు ఓఆర్ఆర్ కంటే వారధి దగ్గర టైముకొచ్చే సిటీ బస్సు ఎక్కువ. బస్సుల కోసమని సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాల జాగాలో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. అనుకున్నట్టు బస్సులు నడిచి ఉంటే ఈ మెసేజ్ పుట్టేదే కాదేమో.

ఇక ప్రశ్న వేసినవాళ్లు నిరోధకులన్న చివరి మాట. జాతీయ రహదారుల చట్టంలోనే ఉంది, భూమి తీసుకుంటామని చెప్పే 3ఏ నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చని. ప్రశ్నలు అడగమని చట్టమే పిలుస్తోంది. నోటీసు రెండు పేపర్లలో రావాలి, అందులో ఒకటి స్థానిక భాషలో. మా అమ్మమ్మగారి ఊళ్లో మా మావయ్య ఆ పేజీని అరుగు మీద పరుచుకుని, అద్దాల మీద భూతద్దం పెట్టుకుని, ఒక్కో సర్వే నంబర్ మీద వేలు జరుపుకుంటూ చదివాడు. ఆయన పొలం అందులో లేదు, పక్క చేనుది ఉంది. ఆ చేను కౌలుకి చేస్తున్న కుర్రాడు అరుగు కిందే నిలబడి ఉన్నాడు.