బస్తా ఎక్కిన హిమాలయన్

(విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటు పార్కింగు. ఆదివారం ఉదయం. రమణి తమ్ముడు రైల్లో హైదరాబాదు వెళ్తూ, బండి మీ దగ్గర ఉంచుతానని అక్కను ఒప్పించి వదిలిపోయిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మోటారుసైకిలు పక్క స్టాండు మీద వాలి ఉంది. లుంగీ, బనియన్‌తో దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నవాడు ప్రసాదు. బ్యాంకు ఉద్యోగి, యాభైకి దగ్గర పడ్డాడు. అతని భార్య రమణి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతుంది. ఆమె మెడలో కుట్టుమిషను టేపు వేలాడుతోంది. ప్రసాదు దాన్ని ఇంకా గమనించలేదు.)

ప్రసాదు: చూశావా రమణీ, ముందు చక్రమూ వెనక చక్రమూ 200 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడే సస్పెన్షన్. గుంతలో దిగిన సంగతి మనకు తెలియనే తెలియదు.

రమణి: మీ బ్యాంకులో అప్పు తీసుకునేవాళ్లకు కూడా ఇదే చెబుతారా?

ప్రసాదు: వెటకారం మానేసి విను. నేనూ ఇలాంటిది కొంటాను. ముందు అరకు, తర్వాత లంబసింగి, ఆ తర్వాత లద్దాఖ్. ఉమ్‌లింగ్ లా అని ఒక కనుమ ఉంది. 19,024 అడుగుల ఎత్తున రోడ్డు వేశారు.

రమణి: మనది మూడో అంతస్తు. మొన్న లిఫ్టు ఆగిపోతే రెండో అంతస్తు మెట్ల మీద చతికిలబడి నాకు ఫోను చేసి మంచినీళ్లు తెమ్మన్నారు.

ప్రసాదు: అది మెట్లు. ఇది బండి.

రమణి: సరే, ధర చెప్పండి.

ప్రసాదు: 2023 నవంబరులో వచ్చినప్పుడు 2.69 లక్షల నుంచి మొదలు.

రమణి: అప్పటి ధర ఎందుకు? పేపరు నేనూ చదువుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్టీ 40 శాతం. ఇది 452 సీసీ. 350 లోపల ఉంటే 18 శాతమే.

ప్రసాదు: పన్ను కడితే దేశానికే కదా వెళ్లేది!

రమణి: కిందటి మార్చిలో ఇంటి అద్దె రసీదుల కోసం మా నాన్నగారి చుట్టూ తిరిగినప్పుడు ఈ దేశభక్తి ఎక్కడ పెట్టారు?

(ప్రసాదు జవాబు చెప్పకుండా బండెక్కాడు. ఇలాంటి ప్రశ్నలకు బండెక్కడమే మేలు. లుంగీ ఒక చేత్తో, హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని నిటారుగా నిలబెట్టాడు.)

రమణి: మడమలు గాలిలో ఉన్నాయి.

ప్రసాదు: సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. చక్రం పైకీ కిందికీ ఆడటానికి అంత చోటు కావాలంటే సీటు పైకి పోక తప్పదు. బండి అడుగున 230 మిల్లీమీటర్ల ఖాళీ. బండరాయి మీదుగా పోవచ్చు.

రమణి: ఆ ఖాళీలో ఇప్పుడు పిల్లి పడుకుంది. మెల్లగా దిగండి.

ప్రసాదు: నీకు ఇదే ఎత్తుగా ఉంటే ఎక్స్‌పల్స్ 200 ప్రో చూస్తే ఏమంటావో! ముందు 250, వెనక 220. సీటు 891. దాన్ని ఎక్కాలన్నా దిగాలన్నా పక్కన ఒక అరుగు ఉండాలి.

రమణి: మద్దిలపాలెం సిగ్నలు దగ్గర అరుగు లేదు. ఇది బరువెంత?

ప్రసాదు: ట్యాంకులో 90 శాతం పెట్రోలు పోస్తే 196 కిలోలు.

రమణి: గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో దించి వెళ్లిపోతే, దాన్ని వంటింట్లోకి దొర్లించడానికి మీరు సాయంత్రం దాకా ముహూర్తం చూశారు. ఇది పడితే ఎవరు లేపుతారు?

ప్రసాదు: పడదు. అందుకే కదా ఈ సస్పెన్షన్! ముందు ఫోర్కు చూడు, అదే, ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు. షోవా కంపెనీది. 43 మిల్లీమీటర్లు. తలకిందులుగా బిగించారు.

రమణి: ఎందుకు?

ప్రసాదు: చూడటానికి బాగుంటుందని.

రమణి: లావు గొట్టం పైన ఉంది, సన్నది కింద ఉంది. లావుది పైన పట్టీల మధ్య బిగిసి ఉంటే బ్రేకు వేసినప్పుడు ఫోర్కు తొందరగా వంగదు. అందం కోసమైతే స్టిక్కరు అంటించేవారు.

(ప్రసాదు దిగాడు. పక్కకు వచ్చి రెండు అరచేతులూ సీటు మీద పెట్టి గట్టిగా నొక్కి వదిలాడు. బండి కిందికి దిగి నిదానంగా లేచింది. పుచ్చకాయ మీద తట్టి చూసినవాడిలా తల ఆడించాడు.)

ప్రసాదు: మెత్తగా ఉంది. అద్భుతం.

రమణి: ఏమి తెలిసింది?

ప్రసాదు: చెప్పాను కదా, మెత్తగా ఉంది.

రమణి: లోపల రెండు పనులు జరుగుతున్నాయి. బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగుకు తగ్గడం తెలియదు. ఎంత నొక్కితే అంత పైకి తన్నుతుంది. ఆ తన్నును నెమ్మదించేది నూనె. సన్నటి రంధ్రాల్లోంచి దూరి పోవాలి కాబట్టి అది తొందరపడలేదు. ఇప్పుడు చెప్పండి, మీ అరచేతికి తగిలిన మెత్తదనంలో స్ప్రింగు వాటా ఎంత, నూనె వాటా ఎంత?

ప్రసాదు: మన కాపురం లాంటిదన్నమాట. తన్నేది నువ్వు, నెమ్మదించేది నేను.

రమణి: వాటా అడిగాను.

ప్రసాదు: చెరిసగం.

రమణి: తొమ్మిదో తరగతి పిల్లలు నయం. తెలియకపోతే తెల్లకాగితం ఇస్తారు.

ప్రసాదు: అయితే కేటీఎం 390 అడ్వెంచర్ చూద్దాం. ఈ హిమాలయన్‌కు వెనక స్ప్రింగు బిగువు ఒక్కటే మార్చుకోవచ్చు, ముందు ఫోర్కులో మార్చడానికి ఏమీ లేదు. దానికి అలా కాదు. ఫోర్కు అణిగే వేగం వేరే తిప్పుకోవచ్చు, తిరిగి లేచే వేగం వేరే తిప్పుకోవచ్చు. ఒక్కోదానికి 30 క్లిక్కులు.

రమణి: ముప్పై ముప్పైలు తొమ్మిది వందలు. ఒక పద్ధతి సరైనదనుకుంటే, మిగతా 899 రకాలుగా తప్పు పెట్టుకోవచ్చు. గీజరుకు ఒకే మీట ఉంది. దానితోనే మీరు నెలకోసారి వీపు కాల్చుకుంటున్నారు.

ప్రసాదు: నిపుణులు చెప్పినట్లు పెట్టుకుంటాం. మొదట సాగ్ సరిచూసుకోవాలట.

రమణి: అంటే?

ప్రసాదు: (తనకు తెలిసినది ఒకటి దొరికినందుకు ఛాతీ విరిచి) మనిషి ఎక్కి కూర్చుంటే బండి కొంత కిందికి దిగాలి. మొత్తం 200లో దాదాపు 60 దిగితే బాగున్నట్లు. మరీ తక్కువ దిగితే, చక్రానికి గుంతలోకి జారే చోటు ఉండదు, నేలను వదిలేస్తుంది. మరీ ఎక్కువ దిగితే, గట్టు తగిలినప్పుడు అణగడానికి ఏమీ మిగలదు, దెబ్బ నడుముకు తగులుతుంది.

రమణి: పొద్దున్నుంచి మీరు చెప్పినవాటిలో పనికొచ్చే మాట ఇదే. కొలుద్దాం.

ప్రసాదు: ఇప్పుడా?

రమణి: బండి ఉంది, టేపు ఉంది, మీరు ఉన్నారు. పైకి వెళ్లి బియ్యం బస్తా తీసుకురండి. మొన్న తెచ్చింది, ఇంకా కుట్టు విప్పలేదు. పాతికకిలోలది.

ప్రసాదు: సాగ్‌కు బస్తా ఎందుకు?

రమణి: ప్రయోగంలో తెలిసిన బరువు ఒకటి ఉండాలి.

(ఇక్కడే ప్రసాదుకు అనుమానం రావలసింది. రాలేదు. లిఫ్టు పనిచేస్తోందన్న సంతోషంలో వెళ్లి బస్తా తెచ్చాడు. ఈలోగా రమణి నుదుటి బొట్టుబిళ్ల తీసి వెనక సీటు కింద ప్యానెలుకు, సరిగ్గా చక్రం ఇరుసుకు పైన వచ్చేటట్లు అతికించింది. కొలత ఎప్పుడూ ఇరుసు నట్టు మధ్య నుంచి బొట్టు మధ్యకే. ప్రసాదు బండిని పక్క స్టాండు మీదికి ఇంకా వాల్చి వెనక చక్రాన్ని నేల నుంచి లేపాడు. మెడ నరాలు ఉబ్బాయి.)

రమణి: చక్రం వేలాడుతున్నప్పుడు 60 సెంటీమీటర్లు. దించండి. నిటారుగా పట్టుకోండి. రెండుసార్లు నొక్కి వదలండి. ఇప్పుడు 57.2. అంటే తన బరువుకు తాను 28 మిల్లీమీటర్లు దిగింది. బస్తా పెట్టండి. అక్కడ కాదు, మీరు కూర్చునే చోట. మళ్లీ నొక్కి వదలండి. 56.2.

ప్రసాదు: బస్తా తీసేయనా?

రమణి: తీసి మీరు ఎక్కండి. కాళ్లు ఫుట్‌రెస్టుల మీద. రెండు వేళ్లతో స్తంభాన్ని ఆనుకోండి. వేళ్లతోనే, వాలిపోకండి. ఊపిరి బిగబట్టడం వల్ల బరువు తగ్గదు. ఆ, 53.8.

ప్రసాదు: మొత్తం ఎంత?

రమణి: 60 లోంచి 53.8 తీసేస్తే 6.2. అంటే 62 మిల్లీమీటర్లు.

ప్రసాదు: అరవైకి రెండే ఎక్కువ! చూశావా, మీ తమ్ముడి బండి నా కొలతలకే తయారైంది! స్ప్రింగు ముట్టుకోనక్కర్లేదు!

రమణి: ముట్టుకోనక్కర్లేదు. పాతిక కిలోలకు బండి 10 మిల్లీమీటర్లు దిగింది. మీకు 34 దిగింది. స్ప్రింగు మీద బరువు ఎంత పెరిగితే అంత లెక్కగా అణుగుతుంది. ఇది హుక్ నియమం. పదికి పాతిక అయితే ముప్పై నాలుగుకు ఎంత?

(మౌనం. ప్రసాదు బండి మీద నుంచి దిగకుండానే బస్తా వైపు చూశాడు.)

రమణి: 85. కిందటి నెల డాక్టరు బరువెంత అంటే 74 అని రాయించారు.

ప్రసాదు: టేపు గుడ్డది. సాగింది.

రమణి: సాగిన టేపు అన్ని కొలతలకూ సాగే ఉంటుంది. నిష్పత్తి మారదు.

ప్రసాదు: లోపల సీళ్ల దగ్గర రాపిడి ఉంటుంది. బండి ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది.

రమణి: అందుకే ప్రతిసారీ నొక్కించాను.

ప్రసాదు: హెల్మెట్టు, జాకెట్టు, బూట్లు అన్నీ తొడుక్కుని కొలవాలని నిబంధన. వాటి బరువు కూడా ఇందులో కలిసి ఉంటుంది.

రమణి: మీరు లుంగీలో ఉన్నారు.

ప్రసాదు: బస్తాలో నిజంగా పాతిక ఉందా? దుకాణాల వాళ్ల తూకాలు నీకు తెలియనివా! ఇరవై మూడే ఉంటే నా బరువు ఎంతవుతుంది?

రమణి: 78. అప్పుడు కూడా 74 కాదు. పైగా రెండు కిలోల బియ్యం మోసపోయాం.

(వాదించిన కొద్దీ నష్టం పెరుగుతోందని అతనికి అర్థమైంది. దిగాడు. బొట్టుబిళ్ల వైపు చూశాడు, టేపు వైపు చూశాడు. ముఖం మెల్లగా విచ్చుకుంది.)

ప్రసాదు: ఈ బండి మీద నేను ఒక్కడినే అరకు వెళ్తానా? వెనక నువ్వు ఉంటావు. ఇద్దరి బరువుతో సాగ్ చూడకుండా కొనడం పొరపాటు. ఎక్కు.

రమణి: వద్దు.

ప్రసాదు: ప్రయోగం సగంలో ఆపుతారా, టీచరుగారూ?

రమణి: వెనక కూర్చున్నవాళ్లు ఇరుసుకు దగ్గరగా ఉంటారు. వాళ్ల బరువులో ఎక్కువ వాటా వెనక చక్రం మీదే పడుతుంది. బస్తా పెట్టింది ముందు సీటులో. ఆ లెక్క నాకు వర్తించదు.

ప్రసాదు: బస్తాను వెనక సీటులో పెట్టి మళ్లీ మొదలుపెడదాం. నేనే మోస్తాను!

రమణి: ఇద్దరం బండి మీద ఉంటే టేపు ఎవరు పట్టుకుంటారు?

ప్రసాదు: ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ పట్టీ కడతారు. ఎంత దూరం అణిగితే అంత దూరం అది జరిగి అక్కడే ఉండిపోతుంది. మనిషే అక్కర్లేదు.

రమణి: అది ముందు ఫోర్కుకు. నేను కూర్చునేది వెనక.

ప్రసాదు: వాచ్‌మన్‌ను పిలుస్తాను.

రమణి: పిలవండి. బస్తా ఎందుకు కిందికి వచ్చిందని అడుగుతాడు. మొదటి నుంచీ చెప్పాల్సి వస్తుంది. 85తో సహా.

(పిలవలేదు. కాసేపు ఇద్దరూ బండికి చెరోవైపు నిలబడ్డారు. పిల్లి లేచి బస్తా మీదికి మారింది.)

ప్రసాదు: సరే. నువ్వు ఎక్కితే స్ప్రింగు బిగించాలి. అది మాత్రం ఖాయం.

రమణి: ఖాయం. దిగితే వదులు చేయాలి. ప్రతిసారీ పానా పట్టుకుని ఎవరు కూర్చుంటారు?

ప్రసాదు: నేను.

రమణి: మిక్సీ జారు మూత కూడా నన్నే తియ్యమంటారు.

ప్రసాదు: ఇంతకీ కొందామా, వద్దా?

రమణి: వచ్చే ఆదివారం కేటీఎం షోరూముకు వెళ్దాం. దానికి వెనక 205 మిల్లీమీటర్లట, మీ బండ్ల పుస్తకంలో చూశాను. రెండింటినీ ఒకే పద్ధతిలో కొలవకుండా లక్షలు పొయ్యను.

ప్రసాదు: షోరూముకు బియ్యం బస్తా మోసుకెళ్తామా? నవ్వుతారు!

రమణి: బస్తా అక్కర్లేదు. 85 కిలోల తూకపు రాయి నా దగ్గర ఉంది.

ప్రసాదు: 84 అని రాసుకో. పొద్దున అయిదు ఇడ్లీలు తిన్నాను.

రమణి: ఏడు.