చందమామకు రికవరీ నోటీసు ఎప్పుడు?

మేనమామ అని ముద్దుచేసి, అన్నం ముద్దకోసారి రమ్మని పిలిచిన పాపానికి ఆ మామే మన ఆస్తి తరలిస్తున్నాడంటే నమ్మబుద్ధి కాదు. కానీ రికార్డు రికార్డే. భూమి తిరుగుడును కొద్దికొద్దిగా తన పేరుకు మార్పించుకుంటూ, ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు.

పద్ధతి ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. ముందు సముద్రాన్ని తనవైపు ఉబ్బిస్తాడు. భూమిది మామకన్నా వేగమైన తిరుగుడు కనుక ఆ ఉబ్బు కాస్త ముందుకు పోతుంది. అక్కణ్ణుంచి అది మామను ముందుకు లాగుతుంది, మామ దాన్ని వెనక్కి లాగుతాడు. మనకు బ్రేకు, ఆయనకు ఇంకాస్త పై కక్ష్యకు ప్రమోషను! నూరేళ్లకోసారి చూస్తే రోజు సుమారు 2 మిల్లీసెకన్లు సాగి ఉంటుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడులో ఉండే ఊపు, పద్దులో పైసా తేడా లేదు. ఈ లాగుడులో భూమికి పోయినదంతా మామ కక్ష్య ఖాతాలో జమయింది. శక్తి పద్దు మాత్రం అడక్కండి. అందులో సింహభాగం ఆటుపోట్ల రాపిడిలో వేడిగా పోయింది. మన శాఖల్లో దీన్ని నిర్వహణ ఖర్చు అంటారు.

సాక్ష్యాలకు కొదవా? 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రజ్ఞుడు డెవోనియన్ కాలపు, అంటే దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి, పగడాల శిలాజాల మీద రోజువారీ గీతలు లెక్కపెడితే ఏడాదికి 400 దాకా తేలాయి. అంటే అప్పటి రోజు దాదాపు 22 గంటలే. హద్దురాళ్లూ ఉన్నాయి: 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద అద్దాలు పెట్టి వచ్చారు, లేజరు కొట్టి దూరం కొలుస్తూనే ఉన్నారు. మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ మీదా నాసా అద్దాలున్నాయి.

2024 జులై 5న రోజు 24 గంటలకు 1.66 మిల్లీసెకన్లు తగ్గిందిగా అని మామ తరఫు వకీలు అనొచ్చు. అది భూమి లోపలి ద్రవమూ పైనున్న గాలీ ఇంట్లో చేసుకున్న సర్దుబాటు. దాన్ని రికవరీ కింద రాసుకుంటే మోసపోతాం.

మరి అధికారులేం చేశారు? 1972 నుంచి 2016 దాకా 27 సార్లు గడియారానికి ఒక్కో సెకను అతికించారు. 2022లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో సమావేశమై, గడియారానికీ భూమి తిరుగుడుకూ మధ్య అసలు తేడా ఎంతదాకా ఉండొచ్చన్న పరిమితినే 2035 లోపు పెంచేద్దామని తీర్మానించారు. ఈ కిటుకు మనవాళ్లే నేర్పి ఉంటారని నా అనుమానం.

ఇలాగే సాగనిస్తే చివరికి రోజూ నెలా ఒకటైపోతాయి, ఒక్కోటి ఇప్పటి 47 రోజులంత. రోజుకూలీకీ నెలజీతగాడికీ ఒకేనాడు చెల్లింపు. అంతకు చాలా ముందే సూర్యుడు ఉబ్బిపోయి భూమినీ మామనూ మింగేయొచ్చని శాస్త్రజ్ఞులంటున్నారు. ఆర్థిక శాఖ ఆశలన్నీ ప్రస్తుతం సూర్యుడి మీదే.