అటక మీది క్యాసెట్లు పారేయకండి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా మావయ్యది అక్కడే పెంకుటిల్లు. పెంకులు లేచిపోయి అటక మీద సామానంతా నానిపోయింది. రోడ్ల మీద పడ్డ చెట్లు తీశాక నేను విజయనగరం నుంచి వెళ్లేసరికి అత్తయ్య అరుగు మీద బట్టలు, పప్పుల డబ్బాలు, బ్యాంకు పాస్‌బుక్కులు ఆరబెడుతోంది. వాటి పక్కన ఒక ట్రంకు పెట్టె. అందులో పద్నాలుగు వీడియో క్యాసెట్లు.

"ఇవి పారీమంటావేటి?" అంది.

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అంచున అతికించిన కాగితం మీద మావయ్య చేతిరాత, సగం సిరా కారిపోయి ఉంది: మహాభారత్, ఆదివారం, తేదీ. పక్కనున్న చిన్న మీట నొక్కి మూత పైకెత్తితే లోపల టేపు కనిపిస్తుంది. నల్లగా నిగనిగలాడాల్సిన టేపు అంచుల మీద తెల్లటి బూజు, పాత పచ్చడి జాడీలో పట్టినట్టు. అన్నింటినీ బట్టలతో పాటు ఎండలో పెట్టాం. టేపును ఎండలో పెట్టకూడదని అప్పటికి నాకు తెలీదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మావయ్య నేవీలో పదిహేనేళ్లు చేసి, 1988లో ఒక కలర్ టీవీ, టీవీలో వచ్చేదాన్ని క్యాసెట్ మీదకి ఎక్కించి మళ్లీ చూపించే ఒక వీసీఆర్ పట్టుకుని ఊరికొచ్చాడు. బి.ఆర్. చోప్రా 'మహాభారత్' ఆ ఏడాది అక్టోబర్ 2న మొదలై, 1990 జూన్ 24 దాకా 94 ఎపిసోడ్లు నడిచింది. ఆదివారం పొద్దున్న వీధి వీధంతా మావయ్య వరండాలోనే ఉండేది. అంతమందిలో హిందీ వచ్చినవాడు ఆయనొక్కడే. టీవీ పక్కన కుర్చీ వేసుకుని ప్రతి మాటా తెలుగులో చెప్పేవాడు. కుర్రతనంలో నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టినవాడు. రాయబారం ఘట్టం వచ్చిన రోజు టీవీ సౌండ్ తగ్గించేసి పద్యం ఎత్తుకున్నాడు. ఒక్కరూ కాదనలేదు. వెనక నుంచి ఎవరో వన్స్ మోర్ అన్నారు కూడా.

అదే సీరియల్‌ను ఇరవై ఏళ్ల తర్వాత డీవీడీలో చూశాను. అప్పటికి డిస్కులు బాగా చవకయ్యాయి. మోజర్ బేర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో కూడా డిస్కులు వేలాడుతుండేవి. మహాభారత్ సెట్ కొని, కింద ఇంగ్లిష్ అక్షరాలు చదువుకుంటూ మొదటి నుంచి చూశాను. మావయ్య చెప్పినదాంట్లో సగం ఆ సీరియల్లో లేదు! పద్యాలు సరే. దుర్యోధనుడి తిట్లు, శకుని సామెతలు, ద్రౌపది అడిగిన ప్రశ్నల్లో కొన్ని, అవన్నీ ఆయన నాటకాల్లోంచి, ఊళ్లో మాటల్లోంచి తెచ్చి కలిపినవే. నేను పన్నెండేళ్ల వయసులో చూసిన మహాభారత్ మా వరండాలో తప్ప ఇంకెక్కడా ప్రసారం కాలేదన్నమాట.

సీరియల్లో ఉన్నదేమిటో కూడా అప్పుడే తెలిసింది. ఆ మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లాలో పుట్టిన ఉర్దూ, హిందీ రచయిత. పితాశ్రీ, భ్రాతాశ్రీ లాంటి పిలుపులతో పాతకాలం వాసన వచ్చేట్టు, అయినా మామూలు జనానికి అర్థమయ్యేట్టు ఒక భాష తయారు చేశాడు. కథ చెప్పే పని కాలానికే అప్పగించాడు. తెర మీద తిరిగే చక్రం, వెనక నుంచి హరీశ్ భిమానీ గొంతు. చిన్నప్పుడు ఆ చక్రం కనబడగానే మావయ్య "నేను కాలాన్ని" అంటూ మొదలుపెట్టేవాడు కాబట్టి, ఆ గొంతును నేను అసలు వినలేదు. తర్వాత డిస్కులో విన్నప్పుడు, ఏ పక్షం కోపమూ అంటనివ్వకుండా జరిగింది జరిగినట్టు చెప్పే ఆ తీరు ఎంత గొప్పదో అర్థమైంది. పాత సీరియల్‌ను మళ్లీ చూడటంలో నాకు దొరికిన అసలు లాభం ఇది. చిన్నప్పుడు చుట్టూ ఉన్న మనుషుల్ని చూశాం, పెద్దయ్యాక సీరియల్‌ను చూస్తాం.

ఇబ్బందీ ఉంది. రామానంద్ సాగర్ 'రామాయణ్' 1987 జనవరి 25న మొదలైంది. ముందు 52 ఎపిసోడ్లు అనుకున్నది ఆదరణ చూసి 78కి పెంచారు. డిస్కులో వరసగా నాలుగు ఎపిసోడ్లు చూస్తే ఆ సాగదీత తెలిసిపోతుంది. ఒక మాట అనగానే సభలో అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూపిస్తారు. వారానికి ఒకటి చూసినప్పుడు అది మనకు ఊపిరి తీసుకునే వ్యవధి. మంథర మాట విన్నాక కైకేయి ఏం చేస్తుందో అని ఆరు రోజులు బావి దగ్గర మాట్లాడుకునేవాళ్లు, కథ అందరికీ తెలిసిందే అయినా. ఆ వారం రోజులు కూడా సీరియల్లో భాగమే అని నా అభిప్రాయం. అందుకే ఇప్పుడు మా ఇంట్లో డిస్కు పెట్టినా ఆదివారం ఒక్క ఎపిసోడే చూస్తాం. పిల్లలు మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు.

బొమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో టీవీ తెర దాదాపు చదరంగా ఉండేది, నాలుగుకి మూడు పాళ్లలో. ఇప్పటి టీవీలు వెడల్పు. ఖాళీ కనబడకూడదని చాలామంది రిమోట్‌లో స్ట్రెచ్ నొక్కేస్తారు, భీముడే కాదు శకుని కూడా లావైపోతాడు. ఇంకా ఘోరం, ఆన్‌లైన్లో కొందరు తెర నిండటానికి పైనా కిందా కోసేస్తున్నారు. కిరీటాలు తెగిపోతాయి, పాదాలకు మొక్కే సీన్లో పాదాలుండవు. పాత వీడియోను సరిగ్గా మార్చకపోతే మనిషి కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలొస్తాయి. వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. డీవీడీలో 720కి 576. ఫోన్లలో ఇంతకంటే ఎన్నో రెట్లు స్పష్టంగా వస్తున్న రోజుల్లో ఇది తక్కువే. కానీ ఒరిజినల్‌ను ఉన్నది ఉన్నట్టు ఇచ్చే మంచి డీవీడీ, కోసి సాగదీసిన హెచ్‌డీ కంటే వెయ్యి రెట్లు నయం.

మరి మావయ్య క్యాసెట్లలో ఏముంది? డీవీడీలో తీసేసినవన్నీ ఉన్నాయి. సబ్బుల ప్రకటనలు, మధ్యలో ప్రసారం ఆగిపోతే వచ్చే "రుకావట్ కే లియే ఖేద్ హై" (అంతరాయానికి చింతిస్తున్నాం) పలక, గాలికి యాంటెనా తిరిగిపోయి ముత్యాలు చల్లినట్టు చెదిరిన బొమ్మ, కరెంటు పోయి మళ్లీ వచ్చిన చోట ఎగిరిపోయిన పది నిమిషాలు. డిస్కు మనకు సీరియల్‌ను ఇస్తుంది. ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్ ఆ ఆదివారాన్ని ఇస్తుంది. 1989లో ఒక శ్రీకాకుళం పల్లెకు టీవీ ఎలా చేరిందో రేపు ఎవరైనా పరిశోధన చేయాలంటే, షాపులో కొన్న శుభ్రమైన సెట్ వాళ్లకు ఉపయోగపడదు.

ఇంతవరకూ హిందీ సంగతి. అక్కడ కనీసం డిస్కులున్నాయి. 2020 మార్చి 28న లాక్‌డౌన్లో దూరదర్శన్ రామాయణ్‌ను మళ్లీ వేసింది, ఏప్రిల్లో డీడీ రెట్రో అని ఒక ఛానలే పెట్టింది. 2024 నవంబర్లో దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి వేవ్స్ యాప్ తెచ్చింది. మన తెలుగు సీరియళ్ల మాటేమిటి? హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం పేరు ఇంటింటికీ తెలిసింది 'ఆనందో బ్రహ్మ'తో. మంజులా నాయుడు 'ఋతురాగాలు' టైటిల్ పాట వినబడితే మా అక్క ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తుంది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సీరియళ్లు రోజువారీ అయ్యాయి. వీటిలో మొదటి ఎపిసోడ్ నుంచి చివరి దాకా వరుసగా, మంచి డిస్కుల్లో కొనుక్కోగలిగినది విజయనగరంలో, శ్రీకాకుళంలో, విశాఖలో తిరిగినా నాకు ఒక్కటీ దొరకలేదు. 2001లో మొదలై 2007 దాకా నడిచిన 'అమృతం' యూట్యూబ్‌లో ఉంది. అందుకే ఆ హోటల్ కష్టాలు చూసి అప్పటికి పుట్టని పిల్లలు కూడా నవ్వుతున్నారు. మిగతావి మనం పోతే మనతో పాటే పోతాయి.

ఇది వట్టి పాత రోజుల బెంగ అనుకోవద్దు. మా ఉత్తరాంధ్ర వాళ్లం ఒక మాట తరచూ అంటుంటాం, మన యాసను టీవీ వాళ్లు పనిమనిషికీ వాచ్‌మన్‌కీ అంటగట్టారని. నేనూ అంటాను. కానీ అది ఎప్పుడు మొదలైంది, ఏ సీరియల్‌తో ముదిరింది, మధ్యలో ఎవరైనా "నాను, నేదు, ఏటి" అనే మనిషిని మర్యాదగా చూపించారా? జవాబు చెప్పాలంటే ఆ ఎపిసోడ్లు కళ్ల ముందుండాలి. సాక్ష్యం లేకపోతే మా ఫిర్యాదు కూడా వట్టి మాటగానే మిగిలిపోతుంది.

ఇంగ్లండ్‌లో బీబీసీ అంతటి సంస్థే ఒకప్పుడు టేపుల ఖర్చు, జాగా చూసుకుని పాత కార్యక్రమాలు చెరిపేసింది. 1960ల నాటి 'డాక్టర్ హూ' సీరియల్లో దాదాపు వంద ఎపిసోడ్ల బొమ్మ పోయింది. అయితే వాటన్నిటి శబ్దం మాత్రం మిగిలింది. ఎలాగంటే, అప్పట్లో కొందరు ప్రేక్షకులు ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసుకున్నారు. 2013లో తొమ్మిది ఎపిసోడ్లు నైజీరియాలో ఒక టీవీ కేంద్రంలో బయటపడ్డాయని ప్రకటించారు. అంత పెద్ద సంస్థ పోగొట్టినదాన్ని మామూలు ఇళ్లు దాచిపెట్టాయి.

మన దగ్గర ఈ పని ఇంకా తొందరగా జరగాలి. తీరం తేమకు టేపు ఎక్కువకాలం ఆగదు. టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు చెమ్మను పీల్చుకుని మెత్తబడుతుంది, బూజు పడుతుంది. క్యాసెట్ బాగున్నా ఆడించే మెషిన్ ఉండదు. వీసీఆర్లు తయారు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. చట్టం చూస్తే, మన దేశంలో ఇలాంటి చిత్రీకరణల మీద కాపీరైట్ 60 ఏళ్లు. 1990లో వచ్చిన సీరియల్ మీద హక్కు 2050 చివరి దాకా ఉంటుంది. అప్పటికి ఆ టేపులు మట్టే. కాబట్టి అమ్మడం, ఆన్‌లైన్లో పెట్టడం వేరే సంగతి, ముందు బతికించడం వేరే సంగతి. హక్కుదారులతో, ప్రసార భారతితో మాట్లాడేది తర్వాతైనా మాట్లాడొచ్చు.

మా జిల్లాలో దీనికి దారి చూపించినవాళ్లు ఎప్పుడో ఉన్నారు. కాళీపట్నం రామారావు గారు, అందరికీ కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. సాహిత్య అకాడమీ అవార్డు సొమ్ము కూడా దానికే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలని ఊరూరా తిరిగి, ఇళ్లల్లో మూటలు కట్టి పడేసిన పాత పత్రికలు సేకరించారు. ఆ పత్రికలు అప్పటికి తూకానికి పోయే కాగితాలు. ఈరోజు పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో శ్రీకాకుళం వచ్చి వాటిని చూసుకుంటున్నారు. రిటైరైన ఒక లెక్కల మాస్టారు కథకు చేసిన పనిని, రెండు జిల్లాల్లోని ఇన్ని కాలేజీలు, గ్రంథాలయాలు కలిసి టీవీకి చేయలేవా? ఒక గది, పనిచేసే రెండు వీసీఆర్లు, ఒక కంప్యూటర్, ఓపికున్న ఒక మనిషి ఉంటే మొదలుపెట్టొచ్చు. ఊళ్లలో పెళ్లి వీడియోలు తీసినవాళ్ల దగ్గర పాత మెషిన్లు ఇంకా ఉన్నాయి, వాటిని బాగు చేయడం తెలిసిన చేతులూ ఉన్నాయి.

ఈలోగా మీ అటక మీద ఉన్నవి దించండి. బూజు పట్టిన క్యాసెట్‌ను ఆత్రంగా మెషిన్లో పెట్టకండి, టేపూ పోతుంది, మెషిన్ హెడ్డూ పాడవుతుంది. తడిస్తే నీడలో, గాలి తగిలేలా ఆరనివ్వండి. పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టండి. బాగున్నవాటిని ఫైళ్లుగా మార్పించి రెండు వేర్వేరు చోట్ల పెట్టుకోండి. లేబుల్ మీద రాసిన తేదీని ఫైలు పేరులో తప్పకుండా రాయండి.

మావయ్య పద్నాలుగు క్యాసెట్లలో తొమ్మిది పూర్తిగా పోయాయి. నాలుగింటిని విజయనగరంలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన వారం రోజులు తంటాలు పడి కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఒకటి సగంలో తెగింది. రాయబారం ఎపిసోడ్ ఆ పోయినవాటిలో ఉంది. ఆ మాట చెబితే అత్తయ్య లోపలికెళ్లి, తుపానుకు ఇనప బీరువాలో తడవకుండా మిగిలిన బిస్కెట్ డబ్బా తెచ్చింది. అందులో ఒక ఆడియో క్యాసెట్. ఆ ఆదివారం మావయ్యకు తెలియకుండా టేప్ రికార్డర్ పెట్టి ఉంచిందట. ఆడించాం. మొదట హిందీ మాటలు, ఎక్కడో పిల్ల ఏడుపు, టీవీ గొంతు చిన్నదైపోవడం, తర్వాత మావయ్య పద్యం. పద్యం అయ్యాక వన్స్ మోర్ అన్నది ఎవరో కాదు, అత్తయ్యే.