'ఇంటి దగ్గర చేయించమ్మా'

ఫిజియోథెరపీ గదికి తాళం. కిటికీలోంచి చూస్తే కప్పు దాకా సెలైన్ అట్టపెట్టెలు. దక్షిణ తెలంగాణలోని ఓ ప్రభుత్వాసుపత్రిలో ఈ వారం మా విలేకరి చూసింది ఇదీ. బయట బెంచీ మీద దేవరకొండ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయనకు పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయి నెలైంది. ఆమె చేతిలో వ్యాయామాల బొమ్మలున్న జిరాక్స్ కాగితం. 'ఇంటి దగ్గర చేయించమ్మా' అన్నారట. పొద్దున పత్తి ఏరబోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి ఎప్పుడు చేయించాలి?

ఈ 'ఇంటి దగ్గర' మాట ఎంత బోలుదో మన దేశంలోనే తేలింది. 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో చేసిన అటెండ్ అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇంటివాళ్లకు నేర్పి పంపినా, మామూలు వైద్యమే చేసినా ఆరు నెలలకు ఫలితం ఒక్కటే: చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడినవారు కలిపి 47 శాతం. అక్కడ కుటుంబాలకు కనీసం దగ్గరుండి నేర్పారు. ఇక్కడిచ్చింది జిరాక్స్ కాగితం!

సుగర్‌తో కాలు తీసేసినవాళ్ల గోడు వినేవాళ్లే లేరు. లేని పాదం మండుతోందంటే భ్రమంటారు. పాదం పోయినా మెదడులో దాని చోటు ఉంటుంది, నొప్పి నిజమే. తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలోనే, ఉన్న అవయవాన్ని అద్దంలో చూపి, లేనిది కదులుతున్నట్టు మెదడును నమ్మించారు. అందరికీ తగ్గుతుందని మేమనం. పడిపోయిన చేతికి మాత్రం అద్దం చికిత్స మేలు చేస్తుందని 62 అధ్యయనాలను పరిశీలించిన వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018 సమీక్ష చెప్పింది. ఇంతకీ అద్దం ఖరీదెంత?

సిబ్బంది చాలరన్నది నిజమే, కాదనం. కానీ 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.10 లక్షలు చేశామని చెప్పుకునే సర్కారు, ఆపరేషన్ల లెక్కతో పాటు తర్వాత ఎందరు లేచి నడిచారో కూడా చెప్పాలి కదా! ప్రాణం నిలబెట్టామని చప్పట్లు కొట్టించుకుని, మిగతాదంతా కూలికెళ్లే ఆడమనిషి నెత్తిన వేయడం ఏం వైద్యం? మంత్రి ఇంట్లో ఎవరికైనా చెయ్యి పడిపోతే జిరాక్స్ కాగితమిచ్చి పంపుతారా?

సూపరింటెండెంట్ గారూ, ముందు ఆ అట్టపెట్టెలు బయటికి తీయించండి. సామాన్లకు స్టోర్ గది ఉంది.