రాజధానికే లేని అగ్రిమెంటు మీకెందుకు సార్?

కర్నూలులో ఇల్లు బాడిగకిచ్చే వాళ్లకు చట్టం తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలియకపోతే ప్రతి అగ్రిమెంటూ సరిగ్గా పదకొండు నెలలకే ఎట్లా రాస్తారు? ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం పదిహేడో సెక్షన్ చెప్పింది. 1999లో మన రాష్ట్రం దాన్ని సవరించి ఎన్నాళ్ల లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందేనంది కానీ, మా ఊరు పాత మాటనే పట్టుకుంది. పన్నెండు నెలలకు రాసుకున్నా ఏడాదికి మించినట్టు కాదు కదా అని కొందరు అతితెలివి పోతారు. నిజమే, కాదు. అయినా పాత చట్టానికి ఒక నెల ఎడంగా నిలబడటం మా ఊరి మర్యాద.

ఇక స్టాంపు పేపరు. బాడిగ ఎంత, ఎన్నాళ్లకు అన్న లెక్కను బట్టి లీజుకు స్టాంపు డ్యూటీ కట్టాలి. మేము ఆ లెక్కలన్నీ ఒకేసారి వేసేసి, వంద రూపాయలని ఎప్పుడో తేల్చుకున్నాం. గుడిసెకూ వందే, మూడంతస్తుల మేడకూ వందే. ఇంతకు మించిన సామ్యవాదం రాజ్యాంగంలో కూడా కనపడదు. డ్యూటీ తగ్గిన పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తీసుకోవాలంటే బాకీతో పాటు పది రెట్ల దాకా జరిమానా కట్టమంటుంది. అసలు కోర్టుకు పోదామని ఎవరు రాసుకున్నారు? ఆ పత్రం పుట్టిందే గ్యాస్ కనెక్షన్ కోసం, పిల్లల స్కూలు అడ్మిషన్ కోసం. జిరాక్సులకు అది పనికొచ్చినంతగా ఏ తీర్పూ పనికిరాదు.

పత్రం తయారయ్యే తీరు కూడా చూడదగ్గదే. డాక్యుమెంట్ రైటర్ కొత్తగా ఏమీ రాయడు. కంప్యూటర్‌లో పాత పత్రం తెరిచి పేర్లు మారుస్తాడు. మొదటి పేజీలో మారుస్తాడు, రెండో పేజీలో మారుస్తాడు, అంతలో టీ వస్తుంది. అందుకే మూడో పేజీలో ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి బదిలీ మీద పోయిన మనిషి ఇంకా 'ప్రతి నెలా అయిదో తేదీలోపు బాడిగ చెల్లించుటకు సమ్మతించి' ఉంటాడు. ఇద్దరు సాక్షులు దాన్నీ చదవకుండానే సంతకం పెడతారు.

అసలు షరతులు పేపరు మీద ఉండవు. అవి మెట్ల మీద నిలబడి చెప్పేవి. "మీ ఇల్లే అనుకోండి సార్" అని మొదలవుతాయి. తర్వాత వాక్యం నుంచి అది మన ఇల్లు కాదని క్రమంగా అర్థమవుతుంది. గోడకు మేకు కొట్టొద్దు. చుట్టాలొస్తే ముందుగా చెప్పండి. మోటారు మేమే వేస్తాం. గేటు తొమ్మిదింటికి వేస్తాం, బండి లోపలే పెట్టుకోండి, పెట్టేటప్పుడు మాత్రం టైల్స్ మీదికి ఎక్కించొద్దు. నాన్‌వెజ్ మాకేం ఇబ్బంది లేదు, పైన మా అమ్మకే. అన్నీ అయ్యాక, గొంతు తగ్గించి, "ఏమనుకోకండి... మీరెవుర్లు?" కులం అడగడమన్నమాట. అదే అసలు క్లాజు. తక్కినవన్నీ దానికి ఉపక్లాజులు. దీన్ని పేపరు మీద పెట్టమనండి, స్టాంపు వెండరే భయపడి పారిపోతాడు.

ఇంట్లో ఓనరుకు తెలిసి, దిగేవాడికి కంటికి కనపడని లోపం ఏదైనా ఉంటే ముందే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నూట ఎనిమిదో సెక్షన్ అంటుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకొచ్చాయి. పాతబస్తీలో నీళ్లెక్కిన ఇళ్ల గోడలకు ఎన్ని పూతల రంగు వేశారో వాళ్లకే తెలుసు. అడిగితే, "మొన్నే పెయింటు వేయించినాం సార్" అంటారు. లోపాన్ని దాచినట్టు కాదు, కప్పినట్టు. ఇల్లు మామూలుగా వాడుకుంటే అయ్యే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని అదే సెక్షన్ అంటుంది కానీ, దాన్ని రాసిన దొరలెవరూ మే నెలలో మా ఊళ్లో ఉండి ఉండరు. ఎండకు వెలిసిన రంగు ఖర్చు అడ్వాన్సులో కోస్తాం. సూర్యుడు రెండో పార్టీ మనిషి, అంటే అద్దెదారు తరఫు.

బాడిగ ఏడాదికి లక్ష దాటితే ఉద్యోగి తన ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపుకు ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. అందుకే మా ఊళ్లో ఎంత పెద్ద ఇల్లైనా పేపరు మీద నెలకు 8,300 దాటదు.

రశీదు సంగతి మరీ సున్నితం. బాడిగ కట్టినవాడికి రశీదు హక్కని 1960లో అద్దె నియంత్రణ చట్టం చేసినప్పుడే రాశారు. ఓనరు బాడిగ తీసుకోనంటే, ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని నోటీసివ్వాలని అందులో ఉండేది. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు చేయాలని ఉండేది, కమిషను బాడిగలోంచే పట్టుకుని. ఎంత ముచ్చటైన చట్టం! మా దగ్గర రశీదు అడిగితే వచ్చేది ఒకటే మాట: "మా మీద నమ్మకం లేదా సార్?" ఆ తర్వాత వారం రోజులు మోటారు ఆలస్యంగా వేస్తారు.

బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగులు కొందరు అన్నీ రాతలో ఉండాలని పట్టుబడతారు. ఈ ఊరి చరిత్ర తెలీక. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి 'శ్రీబాగ్' ఇంట్లో కూర్చుని కోస్తా, రాయలసీమ పెద్దలు ఒడంబడిక రాసుకున్నారు, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునేది సీమేనని. రాతలోనే ఉంది, సంతకాలూ ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధాని మా ఊళ్లో దిగింది. ఆఫీసులకు ఇళ్లు చాలక డేరాలు వేశారు. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1956 నవంబరు 1న హైదరాబాదుకు ఖాళీ చేసి పోయింది. మొత్తం ముప్పై ఏడు నెలలు, రిజిస్ట్రేషన్ లేదు. 2020లో న్యాయ రాజధాని వస్తుందని అసెంబ్లీ చట్టమే చేసింది, మరుసటేడు నవంబరులో రద్దు చేసుకుంది. అడ్వాన్సు ఇచ్చి దిగకుండా పోయిన పార్టీలను మేము చూడలేదనుకుంటున్నారా? రాజధానికే లేని అగ్రిమెంటు గుమాస్తాకు ఎక్కడి నుంచి తెస్తాం?

ఇంత జాగ్రత్తగా చట్టాన్ని తప్పించుకున్నామనుకున్నాక పదకొండో నెల అయిపోతుంది. ఎవరూ ఖాళీ చేయరు, ఎవరూ కొత్త పేపరు రాయరు. పన్నెండో నెల బాడిగ ఫోన్‌పేలో పడుతుంది, ఓనరు ఉంచుకుంటాడు. ఆ ఉంచుకోవడంతోనే 1882 నాటి చట్టం నూట పదహారో సెక్షన్ ప్రకారం లీజు నెలనెలా తనంతట తానే సాగడం మొదలవుతుంది. ముగించాలంటే పదిహేను రోజుల నోటీసు కావాలి. కింద వాటాలోకి చట్టం వచ్చి కాపురం పెట్టిన సంగతి ఓనరుకు తెలియదు. ఆయన మెట్లు దిగి వచ్చేది పది శాతం పెంపు గురించి మాట్లాడటానికి.