ఉద్దానంలో ‘నీళ్లు తాగండి’ అని చెప్తే సరిపోదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పేర్లు వింటే కొబ్బరి, జీడి తోటలు గుర్తుకు రావాలి. ఇప్పుడు ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. బీపీ, షుగర్ లేనివాళ్లకి కూడా ఇది ఎందుకొస్తోందో తేల్చాలని ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. నీళ్లలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నిటినీ అనుమానించారు కానీ ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. ఇవన్నీ కావాల్సినవే. కానీ జబ్బు ముదిరి ఆస్పత్రికి రాకముందు మనిషి రోజూ ఏం చేస్తున్నాడు, ఎందుకలా చేస్తున్నాడు అన్నదాని మీద మనం పెట్టిన శ్రద్ధ చాలా తక్కువని నా అభిప్రాయం.

జీడి పరిశ్రమలో పొద్దుటి నుంచి కూర్చుని పిక్కలు వలిచే ఆడవాళ్లనో, తోటలో కూలికెళ్లేవాళ్లనో నీళ్లు ఎందుకు తాగరని అడిగి చూడండి. నీళ్లు మంచివని వాళ్లకి తెలుసు. తాగితే మధ్యలో లేచి వెళ్లాలి, వెళ్లడానికి చోటుండదు, లేచిన ప్రతిసారీ పని వెనకపడుతుంది, అందుకే గొంతెండినా ఓర్చుకుంటారు. అలాంటి మనిషికి గోడ మీద ‘రోజుకి మూడు లీటర్లు తాగండి’ అని రాసి ఏం లాభం? అక్కడ కావాల్సింది మరుగుదొడ్డి, కూలి కోత లేని పది నిమిషాల విరామం.

నొప్పి మాత్రల సంగతీ అంతే. ఒళ్లు నొప్పులొస్తే మందుల షాపుకో ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్లి బిళ్ల వేసుకుంటే రేపు పనికి వెళ్లొచ్చు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీని దెబ్బతీస్తాయని డాక్టర్లందరికీ తెలుసు, కానీ ఒక్క రోజు కూలి పోతే ఇల్లు ఎలా గడుస్తుందన్న టెన్షన్ ముందు ఆ మాట నిలవదు. ఆర్‌ఎంపీలని తిట్టడం కంటే వాళ్లనే కూర్చోబెట్టి ఏ బిళ్ల ఇవ్వకూడదో, బదులుగా ఏం ఇవ్వొచ్చో నేర్పడం మేలు.

ఇక కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూసి చెప్పే క్రియాటినిన్ పరీక్ష. కిడ్నీ దాదాపు సగం దెబ్బతినేదాకా ఆ అంకె పెద్దగా పెరగదు, కాబట్టి ముందే చేయించుకుంటూ ఉండాలి. ‘బయటపడితే పిల్లకి సంబంధాలు రావు బాబూ’ అని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. ఆ భయం మూర్ఖత్వం కాదు, చుట్టూ చూసిన అనుభవం. ఊరందరికీ ఒకే రోజు, ఎవరి ఫలితం వాళ్లకే రహస్యంగా ఇస్తే ఫలానా ఇంటివాళ్లు పరీక్షకి వెళ్లారట అన్న మాటే పుట్టదు.

మధ్య అమెరికాలోని నికరాగువాలో చెరకు నరికే కూలీలకీ ఇలాంటి జబ్బే వచ్చింది. కారణం పూర్తిగా తేలకముందే అక్కడ ఒక చక్కెర మిల్లు కూలీలకి నీళ్లు, నీడ, తప్పనిసరి విరామం ఏర్పాటు చేసింది. పరిశోధకులు కోత సీజన్ ముందూ తర్వాతా రక్తపరీక్షలు చేసి చూస్తే, ఏర్పాట్లు మెరుగయ్యాక కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. మన జబ్బూ వాళ్ల జబ్బూ అచ్చంగా ఒకటేనని నేననను. పద్ధతి మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది.

వచ్చే వేసవిలో జీడి పిక్కలు రాలే రోజులకి ముందే ఓ పది ఊళ్లలో నీడ, మరుగుదొడ్డి, విరామం ఏర్పాటు చేసి, అవి లేని మరో పది ఊళ్లతో పోల్చి, రెండు చోట్లా సీజన్ ముందూ వెనకా క్రియాటినిన్ చూడాలి. తేడా కనిపిస్తే, మర్నాడే మిగతా పది ఊళ్లకీ అవే ఏర్పాట్లు చేయాలి.