ఎన్‌బీఏ యూరప్ వెళ్తానంటోంది సరే, ఎవరి జట్లతో?

2025 మార్చిలో అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్, ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా సెక్రటరీ జనరల్ ఆండ్రియాస్ జగ్లిస్ న్యూయార్క్‌లో కలిసి మీడియా ముందుకొచ్చి, యూరప్‌లో ఉమ్మడిగా ఒక కొత్త బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టాలనుకుంటున్నామని చెప్పారు. అప్పుడు చెప్పిన లెక్క 16 జట్లు. వాటిలో 12 జట్లకి చోటు శాశ్వతం, అంటే ఏటా అట్టడుగున నిలిచినా వాళ్లని కదిపేవాళ్లుండరు. మిగిలిన 4 చోట్ల కోసం మాత్రం మామూలు క్లబ్బులు ప్రతి ఏడాదీ పోటీపడి గెలిచి రావాలి. 2027 అక్టోబరుకల్లా ఆట మొదలవ్వాలని లక్ష్యం.

నా పేచీ అంతా ఆ 12తోనే.

లీగ్ సరిహద్దు దాటడం మీద నాకేం అభ్యంతరం లేదు, అసలు ఎన్‌బీఏ ఇన్నాళ్లు ఆగడమే ఎక్కువ. 2018లో జేమ్స్ హార్డెన్ తర్వాత 2025 దాకా అమెరికాలో పుట్టినవాడికి ఒక్కడికీ ఎంవీపీ, అంటే సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు, దక్కలేదు. గ్రీస్ నుంచి యానిస్, సెర్బియా నుంచి యోకిచ్, కామెరూన్‌లో పుట్టిన ఎంబీడ్, ఆఖరికి 2025లో కెనడా కుర్రాడు షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్. ఆటగాళ్లేమో నలుమూలల నుంచీ వస్తున్నారు, సీజనంతా మాత్రం అమెరికాలోనూ ఒక్క టొరంటోలోనూ నడుస్తోంది. యూరప్ జనానికి ఏడాదికి ఒకటో రెండో మ్యాచ్‌లు విసిరి, టీ షర్టులు అమ్ముకుని వచ్చేస్తే ఎన్నాళ్లు నడుస్తుంది?

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు తట్టే ఐడియా, లండన్‌లో ఒక టీమ్, పారిస్‌లో ఒక టీమ్ పెట్టి నేరుగా ఎన్‌బీఏలోనే కలిపేస్తే పోలేదా అని. పోదు. అక్టోబరు చివర్లో మొదలై ఏప్రిల్ మధ్యకి ముగిసే సీజన్లో ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడాలి, వాటిలో కొన్ని వరసగా రెండు రాత్రుల్లో వస్తాయి. లాస్ ఏంజిలెస్ నుంచి లండన్‌కి పది గంటల పైన ప్రయాణం, ఎనిమిది గంటల టైమ్ తేడా. ఆటగాళ్ల యూనియన్ దీనికి ఒప్పుకుంటుందని నేననుకోను.

దూరం సంగతి అలా ఉంచినా, సరిహద్దు అవతల జట్టు పెడితే ఏమవుతుందో ఎన్‌బీఏకి అనుభవం ఉంది. లీగ్ తన మొట్టమొదటి మ్యాచ్‌గా ఇవాళ్టికీ చెప్పుకునేది 1946 నవంబరు 1న టొరంటోలో జరిగిందే, న్యూయార్క్ నిక్స్ మీద ఆడిన టొరంటో హస్కీస్ జట్టు ఒక్క సీజన్‌తో మూతపడింది. మళ్లీ 1995లో టొరంటో, వాంకూవర్ రెండింటికీ ఒకేసారి జట్లిచ్చారు. జీతాలేమో అమెరికా డాలర్లలో, టికెట్ల డబ్బేమో కెనడా డాలర్లలో. 90ల చివర్లో కెనడా డాలర్ విలువ అమెరికా డాలర్‌లో మూడింట రెండొంతులకి పడిపోయేసరికి వాంకూవర్ నడుం విరిగింది. దానికి తోడు 1999 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, రెండో పిక్‌గా తీసుకున్న స్టీవ్ ఫ్రాన్సిస్ ఆ ఊరు రానంటే రానని మొండికేసి హ్యూస్టన్‌కి ట్రేడ్ చేయించుకున్నాడు. జట్టేమో ఓడుతూనే ఉంది, 2001లో ఆ వాంకూవర్ జట్టు గ్రిజ్లీస్ మూటాముల్లె సర్దుకుని మెంఫిస్ వెళ్లిపోయింది. టొరంటో తట్టుకుంది, 2019లో ట్రోఫీ కూడా కొట్టింది, కానీ అందుకు 24 ఏళ్లు పట్టింది. పక్కనే ఉన్న దేశం, అదే ఇంగ్లిష్, అయినా రెండిట్లో ఒకటి నిలవలేదు.

కాబట్టి వేరే లీగ్ పెట్టాలన్న నిర్ణయం తెలివైనదే. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, యూరప్ ఖాళీ స్థలం కాదు. అక్కడ బాస్కెట్‌బాల్‌కి తరాల నాటి ఊళ్లున్నాయి. లిథువేనియా జనాభా ముప్ఫై లక్షల లోపు, అంటే మన హైదరాబాద్‌లో సగం కూడా ఉండదు. ఆ దేశంలో కౌనస్ అనే ఊరి జట్టు జల్గిరిస్, 1944 నుంచి ఉంది. సోవియట్ రోజుల్లో 1985, 86, 87 వరసగా మూడేళ్లు తమ స్టార్ ఆటగాడు సబోనిస్‌ని ముందు పెట్టుకుని మాస్కో సైన్యం జట్టు సీఎస్‌కేఏని ఓడించి సోవియట్ చాంపియన్ అయింది. ఆ మ్యాచ్‌లు లిథువేనియన్లకి ఆటని మించినవి, నోరెత్తడానికి లేని కాలంలో వాళ్లు మాస్కోని గెలిచింది ఆ కోర్టు మీదే. ఇప్పుడు చెప్పండి, ప్రకటనలకీ టీవీ హక్కులకీ మార్కెట్ సైజు చూసి 12 శాశ్వత సీట్లు పంచితే కౌనస్‌కి ఒకటి దక్కుతుందా? లండన్, పారిస్, బెర్లిన్, మిలన్ అయ్యాకే మిగతా పేర్లు వస్తాయి. ఏథెన్స్, ఇస్తాంబుల్ పెద్ద ఊళ్లు గనక బతికిపోవచ్చు. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో పార్టిజాన్, జ్వెజ్దా క్లబ్బులకి ఉన్నంత పిచ్చి అభిమానులు లండన్‌లో వెతికినా దొరకరు, కానీ సెర్బియాలో కొనుగోలు శక్తి ఎంతని? అక్కడ పడుతుంది లెక్క.

యూరప్ పెద్ద క్లబ్బులు ఇప్పుడు ఆడుతున్న యూరోలీగ్ కూడా ఏమీ పతివ్రత కాదు, అది కూడా చెప్పాలి. దాని పుట్టుకే గొడవ. 2000లో పెద్ద క్లబ్బులు ఫిబాతో తెగతెంపులు చేసుకుని సొంత పోటీ పెట్టుకున్నాయి. 2001లో యూరప్‌కి ఇద్దరు చాంపియన్లు, ఫిబా పోటీలో మక్కాబీ టెల్ అవీవ్, యూరోలీగ్‌లో కిండర్ బొలోన్యా. మరుసటి ఏడాదికి ఫిబా చేతులెత్తేసింది. పోయిన పెత్తనాన్ని ఎన్‌బీఏ భుజం మీద చేయి వేసి తిరిగి తెచ్చుకోవాలన్నదే ఇప్పుడు ఫిబా ఉత్సాహానికి అసలు కారణమని నా అంచనా. యూరోలీగ్‌లో కూడా పెద్ద క్లబ్బులకి దీర్ఘకాలిక లైసెన్సులున్నాయి, 2025లో 20 జట్లకి పెంచినప్పుడు దుబాయ్ జట్టుకీ చోటిచ్చారు. దుబాయ్ యూరప్‌లోకి ఎప్పుడొచ్చిందని అడక్కండి, డబ్బుకి మ్యాప్ అక్కర్లేదు.

తలుపులు మూసుకున్న లీగ్ అంటే యూరప్ అభిమానికి ఎంత మంటో 2021 ఏప్రిల్‌లో ఫుట్‌బాల్‌లో చూశాం. 12 పెద్ద క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ ప్రకటిస్తే, సొంత అభిమానులే స్టేడియాల ముందుకొచ్చి తిట్టిపోశారు, రెండు రోజులు తిరక్కుండానే ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ జారుకున్నాయి. అక్కడ ఓడిన జట్టు కింది అంచె లీగ్‌కి పడిపోవచ్చు, పక్క ఊరి చిన్న జట్టు పైకి రావచ్చు, సీజన్ చివరి రోజు వరకూ జనం టెన్షన్‌తో కూర్చునేది అందుకే.

మనకీ ఇలాంటి కథ ఒకటుంది. వేర్వేరు దేశాల క్రికెట్ జట్లు ఆడిన చాంపియన్స్ లీగ్ టీ20 గుర్తుందా? 2009లో మొదటి ఫైనల్ మన ఉప్పల్‌లోనే జరిగింది, న్యూసౌత్‌వేల్స్, ట్రినిడాడ్ అండ్ టొబాగో మధ్య. అప్పటి ఐపీఎల్ చాంపియన్ దక్కన్ చార్జర్స్ తొలి రౌండ్లోనే ఇంటికెళ్లిపోయింది. అయినా జనం ట్రినిడాడ్‌ని నెత్తిన పెట్టుకున్నారు, ఎందుకంటే వాళ్లు ఒక దీవి కుర్రాళ్లు, అందరూ అక్కడివాళ్లే, పొలార్డ్ 18 బంతుల్లో 54 కొట్టి అదే న్యూసౌత్‌వేల్స్‌ని లీగ్ దశ మ్యాచ్‌లో ఓడించాడు. తర్వాత తర్వాత ఏమైంది? ఒకే ఆటగాడికి రెండు మూడు జట్లు, అతని సొంత జట్టుకి పరిహారం కట్టి ఐపీఎల్ జట్టు తీసుకెళ్లిపోవడం. ఇలా అయితే గెలిచింది ఏ దేశం జట్టని చూడాలి? చూసేవాళ్లు తగ్గి 2015లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత ఐపీఎల్ ఓనర్లు పట్టిన దారి వేరు, లీగ్‌ని దేశంలోనే ఉంచి తాము బయటి లీగుల్లో జట్లు కొన్నారు. దక్షిణాఫ్రికా ఎస్‌ఏ20లో ఆరు జట్లూ వాళ్లవే, సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ మొదటి రెండు సీజన్లూ గెలిచింది. వ్యాపారంగా బ్రహ్మాండం. కానీ ఆ జట్టు గెలిచిందని హైదరాబాద్‌లో ఎవరైనా టపాసులు కాల్చారా?

అసలు నవ్వొచ్చే విషయమేమిటంటే సరైన పద్ధతి ఎన్‌బీఏకి తెలియక కాదు. ఇదే ఎన్‌బీఏ, ఇదే ఫిబా కలిసి 2021లో రువాండా రాజధాని కిగాలీలో బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్ మొదలుపెట్టాయి. మొదటి సీజన్‌కి 12 జట్లు, ఆరు దేశాల చాంపియన్లకి నేరుగా చోటు, మిగతా ఆరు క్వాలిఫయింగ్ ఆడి వచ్చాయి. కైరో జట్టు జమాలెక్ గెలిచింది. డబ్బు తక్కువున్న చోట ఆడి గెలిచి రమ్మన్నారు, డబ్బున్న చోట కొనుక్కుని రమ్మంటున్నారు.

నా సలహాలు మూడు. మొదటిది, నేనైతే అంకెలు తిరగేస్తాను: శాశ్వత సీట్లు నాలుగు, అవీ ఐదేళ్లకే. లండన్ లాంటి చోట బలమైన క్లబ్ లేదు గనక నిలదొక్కుకోవడానికి ఆ వ్యవధి ఇవ్వొచ్చు, మిగతా 12 దేశీయ లీగుల నుంచి రావాలి. పడిపోయే ప్రమాదమున్న జట్టు మీద వందల మిలియన్ల డాలర్లు ఎవడు పెడతాడని ఇన్వెస్టర్లు అడుగుతారు. పెడుతున్నారుగా! ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఎన్ని క్లబ్బులకి అమెరికా ఓనర్లు లేరు, అవన్నీ కిందికి పడిపోగలిగేవే. 2021లో ఇద్దరు నటులు కొన్న రెక్స్‌హామ్ ఐదో అంచెలో ఉండేది, వరసగా మూడేళ్లు పైకెక్కి 2025కల్లా రెండో అంచెకి చేరింది. పైకెక్కే దారి లేకపోతే ఆ క్లబ్ పేరు వేల్స్ దాటి ఎవరికి తెలిసేది?

రెండోది, 2023లో పెట్టిన ఎన్‌బీఏ కప్, సీజన్ మధ్యలో జరిగే పోటీ. అందులో నాకౌట్ దశకి యూరప్ నుంచి ఇద్దరు ముగ్గురు చాంపియన్లని పిలవాలి. నలభై పాయింట్ల తేడాతో చిత్తవుతారని భయపడక్కర్లేదు, 2005లో మక్కాబీ టొరంటో వెళ్లి రాప్టర్స్‌ని ఓడించింది, 2022లో ఆస్ట్రేలియా జట్టు అడిలైడ్ 36ఎర్స్ ఫీనిక్స్ సన్స్ మీద 134-124తో గెలిచింది. అవి సీజన్‌కి ముందు మ్యాచ్‌లు, ఎన్‌బీఏ వాళ్లు పూర్తి జోరులో ఆడలేదు, నిజమే. అందుకే కప్ కావాలంటున్నా, అక్కడ ఓడితే పరువు పోతుంది. రూల్స్ మీద మాత్రం ముందే తేల్చుకోవాలి, ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, ఫిబాది 40, మూడు పాయింట్ల గీత ఒకచోట 7.24 మీటర్లు, ఇంకోచోట 6.75.

మూడోది డబ్బు, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడట్లేదు. స్లొవేనియా స్టార్ డాంచిచ్‌ని 13 ఏళ్లప్పుడు తీసుకుని పెంచింది రియల్ మాడ్రిడ్, 2018లో యూరోలీగ్ ఎంవీపీ అయ్యాక అమెరికా వెళ్లిపోయాడు. ఇలా పిల్లల్ని తయారుచేసే క్లబ్బులకి కొత్త లీగ్ ఆదాయంలో వాటా రాసివ్వాలి. వాళ్లు తయారుచేయడం మానేస్తే న్యూయార్క్‌కే నష్టం.

తర్వాత ఆసియా, ఇండియా అంటారేమో. 2019 అక్టోబరులో సాక్రమెంటో కింగ్స్, ఇండియానా పేసర్స్ ముంబైలో రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్లాయి, మొదటిది ఓవర్‌టైమ్ దాకా సాగింది, హాలు ఊగిపోయింది. ఇంటర్నేషనల్ లీగ్‌లోకి మనం ఎవర్ని పంపాలి? 2015లో మన దేశంలో మొదలైన యూబీఏ బాస్కెట్‌బాల్ లీగ్ రెండేళ్లకే ఆగిపోయింది, ఇప్పుడు బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ వాళ్లు ఐఎన్‌బీఎల్ అనే లీగ్ అంటూ మళ్లీ మొదలుపెట్టారు, అందులో హైదరాబాద్ పేరుతోనూ జట్టుంది. దాన్ని ఓ పదేళ్లు ఆపకుండా నడిపి చూడమనండి, ఎన్‌బీఏతో బేరం సంగతి తర్వాత.